మోసేవాళ్ళ పేర్లు

భాద్రపద బహుళ నవమి

ఈ దినచర్య రాయాలన్న నిబంధన కూడా పాఠకులు పెట్టిందే. 'మెరక వార్త'లో పాఠకుల బల్ల దగ్గర కూర్చునే మనిషి రోజూ ఏం చేసిందో రాసి ఉంచాలట, ఎవరడిగినా చూపించాలట. ఇంతవరకూ అడిగినవాడు లేడు. అందుకని మనసులో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. నా పేరు ఊర్మిళ. పాఠకులంటే నాకు ఒళ్ళు మంట.

పొద్దున్నే మేడెక్కి సోలార్ ప్లేట్ల మీద ఉప్పు తుడిచాను. సముద్రం పాత ఊరిని మింగేశాక ఈ మెరక మీద ఏది తుడిచినా మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లగా పేరుకుంటుంది. కిందికి దిగేసరికి బల్ల ముందు ఒక పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్ అన్నిటికన్నా పైన రావాలట.

"మాది రెండు ప్లేట్ల ఛార్జమ్మా. ఒక ప్లేటోడితో సమానంగా చూడకు మరి. ఫొటో పెద్దదుండాలి, ఆయ్."

"పైన పోటు వేళలు ఉండాలండి. చేపలకి వెళ్ళేవాళ్ళు చూసుకుంటారు."

"పోటు రోజూ వత్తాది. మా పిల్ల ఓణీ ఒక్కసారే కదండీ."

ఆయన్ని పొమ్మనలేను. ఆయన ఇచ్చే ఛార్జితోనే మా తెర వెలుగుతోంది. ప్రకటనలిచ్చే కంపెనీలు మునిగాయి, పత్రికల యజమానులు ఎటో పోయారు. ఇప్పుడు ఎవరింటి ప్లేట్ల ఛార్జిలోంచి వాళ్ళే మాకు కొంత ఇస్తారు. అదీ ఊరికే ఇవ్వరు, వార్తవార్తకీ విడివిడిగా ఇస్తారు. నచ్చిన వార్తను ఎత్తుకుంటారు. ఎత్తుకున్నంతసేపు అది ఊరందరి తెరల మీదా కనిపిస్తుంది. అందరూ దించేసినా, మోసేవాళ్ళ ఛార్జి చాలకపోయినా ఆరిపోతుంది. వార్త కింద మోసేవాళ్ళ పేర్లు పడతాయి, దించినవాళ్ళ పేర్లూ పడతాయి. ఇచ్చే చెయ్యి ఎవరిదో నలుగురికీ కనబడాలని పాఠకుల సభ పట్టుబట్టి చేసిన నియమం ఇది. ఇదే సభ సంపాదకుడు అనే మనిషి అనవసరమని ఓటేసి ఇంటికి పంపింది. ఇక మిగిలింది నేనూ, విలేకరి జోగారావూ.

ఓణీల పెద్దాయన్ని సాగనంపుతుండగా జోగారావు వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో స్టీలు గిన్నె.

"మొదటి వరస ఎనకాల కట్ట అడుగునుంచి నీళ్ళొత్తన్నాయండి."

"అక్కడ ఎప్పుడూ ఊరతాయి కదా?"

"ఊరేవి తేటగా ఉండేయండి. ఇయ్యి సూడండి." గిన్నె వంచి చూపించాడు. అడుగున వేలెడు మట్టి పేరుకుని ఉంది. "కట్ట లోపల్నుంచి మట్టి కొట్టుకొచ్చేత్తంది. పైకి సూత్తే గట్టిగానే ఉంటాది, లోపల గుల్ల. అమావాస్య పోటుకి ఆగదండి."

మొదటి వరస అంటే సముద్రాన్ని ఆపే మట్టికట్టను ఆనుకుని ఉన్న ఇళ్ళు, ఊరంతటికీ పల్లం. అక్కడే మా అక్క రాజ్యం ఉంటోంది. మొగుడు, ఇద్దరు పిల్లలు. వాళ్ళ పెరటికీ కట్టకీ మధ్య బట్టలారేసుకునేంత చోటే ఉంది. జోగారావుని కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా కూర్చోబెట్టి వార్త రాయించాను.

దశమి

సూర్యోదయానికి వార్త పెట్టాం. ఒక్కటే కావాలి మాకు. కనీసం వందమంది మోతతో ఏదైనా ఒక పొద్దు నుంచి మర్నాటి పొద్దు దాకా నిలిస్తే, దానికి కట్ట సంఘం జవాబు చెప్పి తీరాలి. ప్రమాదం అని రాసి ఉంటే కొండ మీది హాళ్ళు తెరిచి పల్లంలోని వాళ్ళని పైకి పంపాలి. ఇది ఊరి కట్టుబాటు.

మధ్యాహ్నానికి వార్త ఆరిపోయింది. మోసినవాళ్ళు జోగారావు, నేను, ఎవరో ఒక మహానుభావుడు. ఆయన కూడా పొరపాటున వేలు తగిలిందని చెప్పి దించేశాడు. మా ఇద్దరి ఛార్జి అంతకుమించి లాగలేదు.

కానీ ఫోన్లకు మాత్రం లోటు లేదు. ఆ పొగడ్తలు వింటుంటే చెవుల్లో సీసం పోసినట్టుంది.

"చాలా బాగా రాశారమ్మా. మా ఇంట్లో ముగ్గురం చదివాం. మీలాంటోళ్ళు ఉండాలండి."

"మరి ఎత్తుకోండి."

"అబ్బే, పేరు పడతాది కదమ్మా."

ఇంకొకామె సలహా ఇచ్చింది, శీర్షికలో కట్ట అన్న మాట తీసేస్తే బాగుంటుందట. ఇంకొకాయన, వార్త మరీ పొడుగైంది, బురద ఫొటో టిఫిన్ వేళ చూడలేకపోయాం అన్నాడు. ఒక కుర్రాడు మాత్రం నిజం చెప్పాడు, వాళ్ళ నాన్నకి సంఘంలో, నీళ్ళలో ఉప్పు తీసే యంత్రం దగ్గర పని దొరకబోతోందట.

కట్ట సంఘం పెద్ద చలమయ్య గారు కాఫీ తాగుతూ మోసేవాళ్ళ పేర్లు చదువుతారని ఊరందరికీ తెలుసు. ఆయన ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. మంచినీళ్ళ బండి ఆ ఇంటి ముందు ఆగడం మానేస్తుంది, అంతే. మోసేవాళ్ళ పేర్లు చూపించాలన్న నియమం వచ్చిన రోజున ఈ పాఠకులే దీపాలు పెట్టి పండగ చేసుకున్నారు. ఇక ఏ డబ్బున్నవాడూ దొంగచాటుగా వార్తలు కొనలేడని ఉపన్యాసాలిచ్చారు. డబ్బున్నవాడు ఇప్పుడు కొనక్కర్లేదు. పేర్లు చదువుకుంటే చాలు.

ఏకాదశి

అక్క ఇంటికి వెళ్ళాను. పెరట్లో బట్టలుతికే బండ కింద నుంచి టీ రంగు నీళ్ళు పాకుతున్నాయి. అక్క ఆ ఊట మీద ఇసుక బస్తా వేసి, బస్తా మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అక్కా, పిల్లల్ని తీసుకుని నా గదికి వచ్చెయ్."

"నీదో గదేటే? నువ్వు కాళ్ళు చాపుకుంటే గోడ తగుల్తాది. నలుగురం ఎక్కడ పడుకుంటాం?"

"నిలబడదాం. మునిగిపోవడం కంటే నయం కదా."

"మీ బావ సంఘంలో బస్తాలు నింపుతున్నాడు. ఆయన పెళ్ళాం బయపడి ఎల్లిపోయిందంటే రేపు ఆ పని ఉంటాదా? నీ పేపర్లో నిలబడితే సంఘమే రమ్మంటాది. అప్పుడు వరసంతా కదులుద్ది, మేమూ కదుల్తాం. ఎవడూ ఏమీ అనడు."

"నిలబడాలంటే మీరు ఎత్తుకోవాలి కదే!"

"మేమెత్తుకుంటే బావ పని పోద్ది కదే!"

ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఆ వెంటనే నాకు ఏడుపొచ్చింది. లోపల్నుంచి బావ నూకరాజు వచ్చాడు. భుజాలు బస్తాలు మోసి కమిలిపోయి ఉన్నాయి.

"ఊర్మిళా, జోగారావు గిన్నె పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడంట. మానమను. చలమయ్య గారు అడిగారు, పేపరు బల్ల దగ్గర పిల్ల మీ బంధువేనా అని."

"బావా, నువ్వే చెప్పు. కట్ట ఆగుద్దా?"

ఆయన బస్తా కింద నుంచి వచ్చే నీళ్ళను చూశాడు, తర్వాత గుమ్మంలో ఆడుకుంటున్న చిన్నదాన్ని చూశాడు. తువ్వాలు దులుపుకుని పనికి వెళ్ళిపోయాడు.

ద్వాదశి

పాఠకుల సభ అధ్యక్షురాలు సుభద్రమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. మనిషి మంచిది, అదే చిక్కు. నలభై ఏళ్ళు పంతులమ్మగా చేసిన గొంతు, తెల్ల చీర, చేతిలో విసనకర్ర. పేర్ల నియమం ఆవిడ బుర్రలోంచి పుట్టిందే.

"ఈ ఒక్క వార్తకి పేర్లు దాచండి అమ్మగారూ. రెండు రోజులు చాలు."

"ఇవాళ నీకోసం దాస్తే రేపు చలమయ్య తనకోసం దాచమంటాడు. అప్పుడేం చెప్తావు?"

"రేపటి సంగతి చెప్పడానికి మొదటి వరస ఉండాలి కదండీ."

"అంత నమ్మకం ఉంటే జనాన్ని ఒప్పించమ్మా. పాఠకుల మీద నమ్మకం లేనివాళ్ళు ఈ పనిలో ఉండకూడదు."

"మీరు ఎత్తుకోండి మరి. మీ పేరు చూస్తే పదిమంది వస్తారు."

విసనకర్ర ఆగింది. "అధ్యక్షురాలు తటస్థంగా ఉండాలి," అంది. కాఫీ ఇచ్చింది. కాఫీ బాగుంది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

వచ్చేటప్పుడు ఈ వారం వంట కాగితం చేతిలో పెట్టింది. 'సుభద్రమ్మ గారి వంటిల్లు' మా దగ్గర అన్నిటికన్నా గట్టిగా నిలబడే శీర్షిక. ఊళ్ళో పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ దాన్ని మోస్తుంది. వారవారం ఎత్తుకునే ఓపిక లేక అందరూ శాశ్వత మోత పెట్టేసుకున్నారు. పైన ఏం రాసున్నా మోత ఆగదు. మా అక్క పేరూ ఉంది అందులో. చలమయ్య గారి ఇంటావిడ పేరూ ఉంది.

దారంతా ఆ మాటే నమిలాను. పైన ఏం రాసున్నా మోత ఆగదు.

త్రయోదశి

జోగారావు మళ్ళీ గిన్నె పట్టుకొచ్చాడు. ఈసారి సగానికి మట్టే.

వంటల శీర్షిక పేర్చేది నేనే. ఈ వారం చింతచిగురు రొయ్యలు. రొయ్యలు వొలిచి పసుపు, ఉప్పు పట్టించాలి అన్న వాక్యం దాకా సుభద్రమ్మ గారిది ఉంచాను. ఆ కిందనుంచి కట్ట వార్త, గిన్నె ఫొటోతో సహా పెట్టాను. చివర్న రొయ్యలు ఎలా వేయించాలో కూడా రాశాను. వంట మధ్యలో ఆపేస్తే పాఠకులు నన్ను నిజంగానే చంపేస్తారు.

"ఇది తప్పండి," అన్నాడు జోగారావు.

"తప్పే."

"ఆళ్ళకి చెప్పకుండా ఆళ్ళ పేర్లు వాడేత్తన్నాం."

"వాడేస్తున్నాం. నీకు ఇష్టం లేకపోతే బయటికి వెళ్ళు. నీ పేరు రాయను."

అతను వెళ్ళలేదు. ఫొటో కొంచెం వంకరగా ఉందని సరిచేశాడు.

చతుర్దశి

సూర్యోదయానికి శీర్షిక వెలిగింది. కింద పేర్లు పడటం మొదలైంది, పడుతూనే ఉంది. తెర కిందికి జరుపుకుంటూ పోతే వేలు నొప్పెట్టింది. ఊరు ఊరంతా కట్ట వార్తను మోస్తోంది. ఊరికి ఇంకా తెలీదు.

టిఫిన్ వేళకి తెలిసింది. ముందు తిట్లు, తర్వాత శాపనార్థాలు, తర్వాత బల్ల ముందు జనం. ఇంతమంది పాఠకుల్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. గ్రంథాలయానికి ఛార్జి అడిగిన రోజున ఇందులో పదోవంతు రాలేదు.

"నా పేరు తియ్యి! ఇప్పుడే తియ్యి!"

"నేను తియ్యకూడదండి. దించాల్సింది మీరు. మీ ఫోన్లోనే ఉంది, నొక్కండి."

నొక్కబోయినవాడు ఆగిపోయాడు. దించితే అతని పేరు దించినవాళ్ళ కింద పడుతుంది. కట్ట అడుగున మట్టి కొట్టుకుపోతోందని ఫొటోతో సహా చదివి, దించినవాడు ఫలానా అని ఊరంతా చూస్తుంది. పక్కనే మొదటి వరస మనిషి నిలబడి ఉన్నాడు, చంకలో పిల్లాడితో. అతను ఊరికే ఆ ఫోను కేసి చూస్తూ నిలబడ్డాడు. అవతలివాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. వీళ్ళకి ధైర్యం ఎప్పుడూ లేదు, ఇప్పుడూ రాలేదు. చలమయ్య ఎదుట ఎత్తుకోవడానికి భయం, పక్కింటివాడి ఎదుట దించడానికి భయం. నిన్నటిదాకా మొదటి భయం గెలిచింది. ఇవాళ రెండోది గెలుస్తోంది. ఇంత పిరికి ఊరిని నమ్ముకుని పత్రిక నడిపినందుకు నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. అయినా ఆ పిరికితనమే సాయంత్రం దాకా వార్తను నిలబెట్టింది.

సుభద్రమ్మ గారు ఎండలో నడిచి వచ్చింది. జనం దారిచ్చారు.

"నా వంటలో ఏం కలిపావమ్మా?"

"మట్టి, అమ్మగారూ."

"తీసెయ్యి."

"దించే హక్కు మోసేవాళ్ళదే, బల్లకి లేదు. మీరు రాసిన నియమమే."

"అయితే నేనే దించుతాను. శీర్షిక నాది."

"దించండి. పేరు పడుతుంది."

చాలాసేపు తెరకేసి చూసింది. చివరికి ఫోను తియ్యకుండానే వెనక్కి తిరిగి, "రేపు సభ పిలుస్తాను, నీ సంగతి అక్కడ తేలుతుంది," అని వెళ్ళిపోయింది. ఆవిడ మీద జాలి వేసింది. కాసేపే.

దీపాలవేళకి దించినవాళ్ళ కింద పేర్లు పడ్డాయి. సంఘం మనుషులవే అన్నీ, చలమయ్య గారింటి ఆవిడది కూడా. ఆ వరసలో చివర్న మా అక్క పేరు చూశాను. బావ దగ్గర నిలబడి దింపించి ఉంటాడు. లేకపోతే బావ వెనక ఎవరో నిలబడి దింపించి ఉంటారు. ఎవరైతేనేం, మొదటి వరస ఇళ్ళన్నిటిలోకీ దించిన పేరు అదొక్కటే.

అమావాస్య

సూర్యోదయమైంది. వార్త ఇంకా వెలుగుతూనే ఉంది.

చలమయ్య గారు స్వయంగా మైకు పట్టుకున్నారు. కట్టకి ఏమీ కాలేదట. కొందరు గిట్టనివాళ్ళు వంటల పేరుతో పుకార్లు పుట్టించారట. అయినా ఊరి కట్టుబాటుని గౌరవించి, దోమల మందు కొట్టించే నిమిత్తం పల్లం వరసల వాళ్ళని ఒక్క రోజు కొండ మీది హాళ్ళకి తరలిస్తున్నారట. దోమలో, దయ్యాలో. కదిలిస్తే చాలు నాకు.

మధ్యాహ్నం దాకా జనం సామాన్లు మోసుకుంటూ ఎక్కారు. ఎక్కుతూ నన్నే తిట్టారు. ఒకావిడ కోళ్ళ గంప నా కాలి మీద దించి మరీ తిట్టింది. అక్క మాత్రం ఎక్కలేదు. నేను కిందికి పరిగెత్తాను. ఇంటి ముందు నూకరాజు బావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మేం రాం. పేరు దించి మళ్ళీ పైకెక్కితే ఏం మొగంతో ఎక్కాలి? కట్టకి ఏం కాదని సంఘంలో అందరి ముందూ చెప్పొచ్చాను నేను."

"నువ్వుండు బావా. నీ మొహం నీ ఇష్టం. అక్కని, పిల్లల్ని పంపు."

"నా పెళ్ళాం పిల్లలు ఇక్కడుంటేనే కదా నా మాట మాటగా ఉంటాది."

నా నోట్లోంచి బూతులొచ్చాయి. నిజంగానే వచ్చాయి, ఇక్కడ రాయను. జన్మలో ఎప్పుడూ అనని మాటలు అన్నాను. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. అక్క గుమ్మంలోంచి చూస్తోంది. అప్పుడు అక్క లోపలికి వెళ్ళి, పెరటి తలుపు తీసి, బండ దగ్గరి ఇసుక బస్తాని కాలితో పక్కకి తోసింది. నీళ్ళు వేలెత్తున ఎగిరాయి, బురద ఆవిడ చీర మీద పడింది.

"ఏవయ్యా, ఇది ఆగుద్దని నా కళ్ళల్లోకి చూసి చెప్పు. చెప్తే ఉంటాను."

బావ లేచి పెరట్లోకి వచ్చాడు. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాడు, గుప్పెడు మట్టి తీశాడు. దాన్ని పిసికి చూశాడు. ఆ మట్టి ఏ పొరదో బస్తాలు నింపే మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. చిన్నదాన్ని ఎత్తుకుని ముందు ఆయనే నడిచాడు, కుర్చీ అక్కడే వదిలేసి.

సాయంత్రం పోటుకి కట్ట తెగింది. కొండ మీది నుంచి అందరం చూశాం. పెద్ద చప్పుడేమీ రాలేదు. కట్ట మధ్యలో కూర్చున్నట్టు అయింది, ఆ తర్వాత మొదటి వరస కప్పులు ఒక్కొక్కటే కనబడటం మానేశాయి. ఒక్క మనిషి కూడా పోలేదు.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

నిన్న జరగాల్సిన సభ ఇవాళ హాల్లోనే జరిగింది, చాపల మధ్య. మొదటి వరస వాళ్ళు వంటపాత్రల పక్కన కూర్చుని ఉన్నారు. చలమయ్య గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. హాల్లో ఎవరికి ఏ మూల చోటు, ఎవరికి ఏ పూట నీళ్ళు, అన్నీ మళ్ళీ ఆయన చేతిలోనే ఉన్నాయి. కట్ట తెగలేదు, పోటే కట్ట మీంచి దాటింది అని ఒక కాగితం చదివారు. విన్నవాళ్ళు చాపలు సర్దుకున్నారు.

సుభద్రమ్మ గారు లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి ఏడ్చినట్టుంది.

"వార్త నిజమే. మనుషులు దక్కారు. ఆ మాట నేను కాదనను. కానీ ఊర్మిళ మనల్ని అడక్కుండా మన పేర్లతో ఆ వార్త మోయించింది. రేపు ఇదే దారిలో అబద్ధం కూడా మోయించవచ్చు. బల్ల దగ్గర ఆమె ఉండకూడదు. ఉండకూడదనేవాళ్ళు చేతులెత్తండి. పేర్లు పడతాయి."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పు లేదు, అదీ నా మంట. జోగారావు మాట్లాడబోతే కాలు తొక్కాను. అతనైనా ఉండాలి.

చేతులు లేచాయి. రెండు ప్లేట్ల పెద్దాయన చెయ్యి అందరికన్నా ముందు లేచింది. కోళ్ళ గంపావిడ చెయ్యి, చంకలో పిల్లాడితో ఉన్న మనిషి చెయ్యి. ఈపాటికి నీళ్ళ కింద ఉండాల్సిన చేతులు, వరసగా. నాకు కోపంతో చెవులు కాలిపోయాయి. వీళ్ళకోసమా అనిపించింది. అవును, ఆ మాటే అనిపించింది, దాచను.

ఆ తర్వాత అక్కని చూశాను. బావ తలొంచుకుని కూర్చున్నాడు. చలమయ్య గారు వాళ్ళ చాప కేసే చూస్తున్నారు. చిన్నది అక్క కుడి భుజం మీద నిద్రపోతోంది. అక్క దాన్ని జాగ్రత్తగా ఎడమ భుజం మీదికి మార్చింది, లేవకుండా వీపు తట్టింది. నన్నే చూస్తూ, చెయ్యి ఎత్తింది.

ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టాలనిపించింది, లేచి వెళ్ళి ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. అలాగే దాని వంక చూస్తూ కూర్చున్నాను. గాజులున్నాయి. నిన్నటి బురద గోళ్ళల్లో ఇంకా ఉంది. చెయ్యి పొడిగా ఉంది, పిల్ల ఊపిరి తీస్తోంది. ఎత్తనీ అనుకున్నాను. నా మీద ఎత్తడానికైనా ఆవిడ ఉంది.